విమానంలో అక్షింతలు

అది పడిపోలేదు. ముందు ఆ మాట దిద్దుకోవాలి.

మా ఇంట్లో ఆ దసరా సంగతి రెండు రకాలుగా చెప్తారు. అమ్మ బతికినన్నాళ్లూ చెప్పింది ఒకటి: తను చేసిన పూజ వల్లే ఆ విమానం జనం మీద పడకుండా బండల మీద పడిందని, అమ్మవారే చెయ్యి అడ్డం పెట్టిందని. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, చెప్పేది ఇంకొకటి: అన్నకు నడపడం చేతకాలేదని, పదిమంది చూస్తుంటే చేతులు వణికాయని. చుట్టాలు ఎవరికి రుచించింది వాళ్లు పట్టుకుపోయారు. రెండూ తప్పే. ఆ విమానాన్ని మా అన్న కావాలనే బండలకు కొట్టాడు. ఎందుకు కొట్టాల్సి వచ్చిందో తెలిసినవాళ్లం ఇద్దరమే. అందులో ఒకరు లేరు. మిగిలినదాన్ని నేను. నాకు నోరెక్కువని మా వాళ్లందరూ అంటారు, నిజమే. ఈ ఒక్క విషయంలోనే ఆ నోరు ఇన్నేళ్లుగా పనిచేయలేదు.

ఎనభైల మొదట్లో మేం హనుమకొండ సుబేదారిలో ఉండేవాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇల్లు గడిచేది వరంగల్ బజార్లో చిన్నాయన నడిపే బట్టల దుకాణం మీద. నేను హనుమకొండలో బి.ఎస్సీ. రెండో సంవత్సరం. నాకంటే ఆరేళ్లు పెద్దవాడైన అన్న ఒక రేడియో రిపేరు దుకాణంలో పని చేసేవాడు. కాలేజీ రోజుల్లో ఏదో క్యాంపుకు వెళ్లి, మనిషి కింద నిలబడి రేడియోతో నడిపే చిన్న విమానాన్ని చూసి వచ్చాడు. అంతే, ఆ తర్వాత నేల మీద దేన్నీ సరిగ్గా చూడలేదు.

మూడేళ్లు పట్టింది కట్టడానికి. చేతిలో పట్టుకునే రేడియో సెట్టు బొంబాయి నుంచి, ఎవరో వాడి వదిలేసింది. దానికి వైర్‌లెస్ వాళ్ల లైసెన్సు కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. బాల్సా అనే తేలిక చెక్క కలకత్తా నుంచి పార్సిల్లో వచ్చేది. రెక్కల మీద పరిచి బిగించిన పట్టుగుడ్డ మాత్రం మా దుకాణంలోని కట్‌పీసే. "నేను అమ్మేది ఆడోళ్ల రైకలకురా, గా పిట్ట రెక్కలకు గాదు" అని చిన్నాయన దెప్పుతూనే చించి ఇచ్చేవాడు. ఇంజన్‌కు పోసేది స్పిరిట్టు, అందులో కలిపేది ఆముదం. తొర్రూరు నుంచి అమ్మ తన తలకని తెప్పించుకున్న గానుగ ఆముదం సీసాలో సగం దానికే పోయేది.

"నా తలకాయకు లేదు గానీ, దాని తలకాయకు పోస్తాండు" అనేది అమ్మ.

"నీ తల ఎగరదుగా అమ్మా" అనేవాడు అన్న.

ఇంట్లో మా అన్న అంత మెత్తనివాడు లేడు. విమానం ఎగరేసే మైదానంలో మాత్రం హెడ్మాస్టరు. దాని ముక్కున తిరిగే పంకాకు ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు, వెనకే ఉండాలి. దాన్ని వేలితో తిప్పకూడదు, కర్రతో తిప్పాలి. ఆ పాఠం నేర్పిన మచ్చ తన చూపుడువేలి మీదే ఉండేది. స్పిరిట్టు సీసా మీద ఎర్ర సిరాతో 'విషం' అని రాసి, అటక మీద పెట్టి, తాళం వేసేవాడు. విమానాన్ని జనం ఉన్న వైపుకు ఎప్పుడూ తిప్పకూడదు. ఏదైనా చెడితే ముందు మనుషులు, ఆ తర్వాతే విమానం. ప్రతి ఆదివారం ఈ మాటలన్నీ నాకొక్కదానికే చెప్పేవాడు. ఎందుకంటే ఆ బడిలో విద్యార్థిని నేనొక్కదాన్నే.

చెకింగ్ నా పని. రెక్క వేరుగా, ఒళ్లు వేరుగా సైకిల్ మీద తీసుకెళ్లేవాళ్లం. రెక్క కిందకు వచ్చే చోట ఒంట్లో ఒక గుంట ఉంటుంది. బ్యాటరీ, రేడియో, తోకను కదిపే చిన్న చిన్న మోటార్లు అన్నీ అందులోనే. రెక్క బిగించే ముందు ఆ ఒంటిని తలకిందులు చేసి, రెండుసార్లు తట్టి, దులపాలి. చెక్క పొట్టు ఉన్నా, ఊడిన మరమేకు ఉన్నా రాలిపోతుంది. తర్వాత రెక్కను రబ్బరు బ్యాండ్లతో ఇటు ఆరు, అటు ఆరు అడ్డంగా బిగించాలి. ఆ తర్వాత అన్న యాంటెన్నా మడిచి నలభై అడుగులు నడిచిపోయి అక్కడి నుంచి మీటలు కదిపేవాడు. తోక కదిలితే నేను చెయ్యెత్తాలి. "ఆడుతాంది!" అని అరవాలి. అంత దూరం నుంచి, యాంటెన్నా మడిచినా కదిలిందంటే పైన కూడా మాట వింటుందన్నమాట. అలా నడిచిపోయే ముందు ఒక ప్రశ్న, ప్రతిసారీ అదే ప్రశ్న: "దులిపినవా చెల్లె?"

ఆ ఏడు చిన్నాయన గట్టిగా చెప్పేశాడు. "దసరా ఎల్లంగనే దుకాణంల కూచోవాలె. నాకు పాణం బాగుంటలేదు. రేడియోలు, పిట్టలు ఎన్నాళ్లురా?" అందులో తప్పేం లేదు, ఆయనకు కొడుకులు లేరు. కానీ అదే సమయంలో అన్నకు ఇంకో దారి కనిపించింది. హైదరాబాద్‌లో పిల్లలకు ఇలాంటి విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్పే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు చెయ్యి కింద ఒక మనిషి కావాలి. ఉత్తరాలు నడిచాయి. ఆయన అత్తగారిల్లు హనుమకొండలోనే. పండుగకు వస్తున్నానని, దసరా నాడు సాయంత్రం ఎగరేసి చూపించమని, మరునాడు పొద్దున్నే వెళ్లిపోతానని రాశాడు. ఆ ఉత్తరాన్ని అన్న ఎన్నిసార్లు మడిచి విప్పాడంటే మడతల దగ్గర చిరిగిపోయింది. చూపించేది ఒక్క సాయంత్రం. బాగా ఎగిరితే హైదరాబాద్, లేకపోతే దుకాణంలో గజం బద్ద.

దసరా పొద్దున అమ్మ ఆయుధపూజ పెట్టింది. తన కుట్టుమిషను, చిన్నాయన కత్తెర, గజం బద్ద, అన్న సోల్డరింగ్ కర్ర, వాటి పక్కన పీట మీద రెక్క తీసిన విమానం. దాని ముక్కుకు పసుపు కుంకుమ పెట్టింది. అప్పటిదాకా నేను ఊరుకున్నాను. అక్షింతలు చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, చల్లకు. అది కత్తెర గాదు. దాని కడుపుల మిషన్లున్నయ్."

"మిషన్లకే గదనే పూజ."

"గింజ బోయి ఇరుక్కుంటే?"

"దీవెన ఇరుక్కుంటదా? సదువుకున్నవ్ గదా అని దేవుని మీద గూడ లెక్చరిస్తానవ్."

"దేవునికి గాదు, నీకే ఇస్తాన. చల్లితే కుంకుమ మీద చల్లు, కడుపుల ఎందుకు?"

అన్న నవ్వుతూ అడ్డం వచ్చాడు. "చల్లనియ్యే. తర్వాత నువ్వు దులుపుతవ్ గదా."

నాకు అక్కడ మండింది. నేను ఆమె కోసం కాదు, అతని కోసం కొట్లాడుతుంటే అతను ఆమె పక్కన నిలబడ్డాడు. "చల్లిన చేతులే దులపాలె" అని విసురుగా అక్కడి నుంచి లేచిపోయాను. వెనక గింజలు పట్టుగుడ్డ మీద, చెక్క మీద చిటపటమని పడిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం జనం జమ్మి చెట్టు దగ్గరికి, పాలపిట్టను చూడటానికి బయలుదేరక ముందే ముగించాలని మా లెక్క. పెద్దమనిషి అత్తగారింటి భోజనం ముగించుకొని వచ్చేసరికి ఆలస్యమైంది. అన్న ఆయనకు ఎదురెళ్లాడు. నేను రెక్క బిగించడానికి కూర్చున్నాను. గుంటలో నాలుగైదు పసుపు గింజలు కనిపించాయి. వాటిని వేళ్లతో ఏరి పారేశాను. తలకిందులు చేసి దులపలేదు. టైము లేదని కాదు, దులపడానికి అరనిమిషం చాలు. పొద్దున నేనన్న మాట మీద ఇంకా నిలబడి ఉన్నాను, అంతే. ఇటు ఆరు, అటు ఆరు రబ్బర్లు వేసేశాను.

వాళ్లిద్దరూ దగ్గరికి వచ్చారు. "చెకింగ్ అంతా మీ చెల్లెలే చూస్తుందా? మంచి పద్ధతి. నా దగ్గర పిల్లలకు ఇదే రాదు" అన్నాడాయన. నా ముఖం వెలిగే ఉంటుంది.

అన్న నా వైపు చూశాడు. "దులిపినవా చెల్లె?"

"ఆఁ" అన్నాను.

యాంటెన్నా మడిచి నలభై అడుగులు నడిచాడు. తోక కదిలింది. "ఆడుతాంది!" అని అరిచాను. అది మాత్రం నిజం.

ఎంత బాగా ఎగిరిందో చెప్పినవాళ్లు లేరు, కాబట్టి నేను చెప్తాను. లేచిన చోటు నుంచి చక్కగా ఎత్తుకు పోయి, మైదానం చుట్టూ రెండు పెద్ద చుట్లు తిరిగింది. నీలం రంగు వేసిన రెక్కల్లోంచి ఎండ కనిపించింది. పెద్దమనిషి చేతులు కట్టుకుని చూస్తూ "ఒక లూప్ చూపించు" అన్నాడు. అన్న దాన్ని నిటారుగా లేపి, వెల్లకిలా తిప్పి, మళ్లీ నేరుగా తెచ్చాడు. ఆయన "భేష్" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

అప్పటికే కొత్తబట్టల జనం మైదానం అంచుకు చేరారు. ఎవరో సరదాకు "అగో పాలపిట్ట!" అని అరిచారు. ఇంకేముంది, ఆ నాడు పాలపిట్టను చూడనిదే ఎవరు ఇంటికి పోతారు? గుంపు గుంపంతా నవ్వుకుంటూ లోపలికి వచ్చేసింది. ఎర్ర తువ్వాలు ఊపుతూ "ఎనుకకు పోండ్రి! ఎనుకకు!" అని నేను గొంతు చించుకున్నాను. "నీ జాగనా పిల్లా?" అని ఒకాయన నన్నే గదిమాడు. ఆ గుంపు ముందు మా అమ్మ ఉంది. కొడుక్కి పెట్టడానికి జమ్మి ఆకు పట్టుకుని వస్తోంది.

అన్న గొంతు వినిపించింది. "ముక్కు లేస్తలేదు."

వెల్లకిలా అయినప్పుడు ఏ మూలనో ఉన్న గింజ జారి, తోకను ఎత్తే మోటారుకుండే చిన్న చెయ్యి కిందికి చేరి ఇరుక్కుంది. విమానం ఎడమకు, కుడికి తిరుగుతోంది, పైకి మాత్రం లేవడం లేదు. కొంచెం కొంచెంగా దిగుతోంది. ఎడమ వైపు మెత్తటి బీడు, అక్కడ దించితే ఒక రెక్క పోయినా మిగతాది దక్కేది. కానీ అక్కడికి పోవాలంటే జనం తలల మీదుగా పోవాలి. కుడి వైపు బండలు. ఆలోచించడానికి ఉన్నది ఒక శ్వాసంత సమయం. నేను అతని చేతుల వైపే చూస్తున్నాను. వణకలేదు చిన్నాయనా, వణకలేదు. ఇంజన్ ఆపి, కుడికి తిప్పి, మూడేళ్ల కష్టాన్ని తిన్నగా బండలకు కొట్టాడు.

ముక్కలు ఏరడానికి ఇద్దరం పరుగెత్తాం. అన్న మోకాళ్ల మీద కూర్చుని, పగిలిన ఒంట్లోంచి మోటారును బయటికి తీశాడు. దాని చెయ్యి కింద నలిగిన పసుపు గింజ. గోరుతో తీసి అంగీ జేబులో వేసుకున్నాడు. నా వైపు తల తిప్పలేదు.

పెద్దమనిషి వచ్చి చూశాడు. "లోపల ఏదో పట్టేసింది. ఎగరేసే ముందు చూసుకోవద్దా? పిల్లలను అప్పజెప్పే పని కదా ఇది" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా అన్నాడు.

"నాదే తప్పు సార్. చెక్ చెయ్యలే" అన్నాడు అన్న.

నేను అక్కడే ఉన్నాను. అడ్డమైన విషయానికల్లా వాదించే నేను, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ రొప్పుతూ వచ్చింది. "ఏమైంది కొడుకా?"

"గాలి తగిలిందమ్మా" అన్నాడు.

మరుసటి వారమే దుకాణంలో కూర్చున్నాడు. చిన్నాయన పాపం మంచిగానే చూసుకున్నాడు. నేను కాలేజీ నుంచి వస్తూ చూసేదాన్ని: పట్టుగుడ్డ కొలిచేటప్పుడు ఒక్క క్షణం దాన్ని వెలుతురుకు పట్టి చూసి, తర్వాత చించేవాడు. మళ్లీ ఏదీ కట్టలేదు. రేడియో సెట్టును పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాడు. పండుగ అంగీ ఉతకబోతూ అమ్మ జేబులో ఆ నలిగిన గింజను చూసింది. "దీవెన గింజను జేబుల దాచుకున్నడు నా కొడుకు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని, కుంకుమ భరిణెలో పెట్టుకుంది. అన్న వింటూ కూర్చున్నాడు. ఆమె పోయాక ఆ భరిణె నాకు వచ్చింది.

ఐదేళ్ల తర్వాత కామెర్లు ముదిరి అన్న దవాఖానలో పడ్డాడు. అప్పటికి ముప్ఫై రెండేళ్లు కూడా నిండలేదు. నాలుగు రోజులు మంచం పక్కనే ఉన్నాను. డాక్టర్లతో కొట్లాడాను, సెలైన్ పెట్టే ఆమెతో కొట్లాడాను. అతనితో మాట్లాడాల్సిన ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. మూడో రోజు మధ్యాహ్నం కళ్లు తెరిచి అడిగాడు.

"చెల్లె, అటక మీది సెట్టు ఇప్పుడు ఆన్ జేస్తే లైటు వస్తదంటవా?"

అంతకు ముందు ఏడే దాని బ్యాటరీలు కారి, లోపలంతా తుప్పు పట్టిందని నాకు తెలుసు. "ఎందుకు రాదు? వస్తది" అన్నాను.

అంత నీరసంలోనూ నవ్వాడు. "చిన్నప్పటి సంది గంతే నువ్వు. అబద్ధం చెప్పేటప్పుడు నీ చెయ్యి జడ మీదికి పోతది."

చూసుకున్నాను. నిజంగానే నా చెయ్యి జడ మీద ఉంది.

మర్నాడు పొద్దున పోయాడు.

అమ్మవారి చెయ్యి గురించి అమ్మ చెప్పుకుంది. అన్న చేతుల గురించి చిన్నాయన చెప్తాడు. నాకు కావలసింది నా చెయ్యి సంగతి. ఆ సాయంత్రం అంతా గుర్తుంది నాకు, ఎన్ని రబ్బర్లు వేశానో గుర్తుంది, పెద్దమనిషి 'భేష్' అన్న గొంతు గుర్తుంది. ఇది ఒక్కటి ఎంత తవ్వుకున్నా దొరకదు. నువ్వు "దులిపినవా చెల్లె" అని అడిగి నా వైపు చూసినప్పుడు, నేను "ఆఁ" అన్నప్పుడు, నా చెయ్యి ఎక్కడుంది అన్నా? జడ మీద ఉంటే, అది చూసి కూడా, ఆయన ముందు నన్ను అబద్ధాలకోరును చెయ్యలేకే ఎగరేశావా?