న్యాల్‌కల్ దారి మలుపులో ఏడ్చే జీపు

ఆ రోజుల్లో, ఫోన్‌లో వీడియో చూస్తే ఏ పనైనా చేతికి వచ్చేస్తుందని గట్టిగా నమ్మేవాణ్ని. ఇప్పుడు బల్బు మార్చాలన్నా మా ఆవిడ కరెంటు మనిషిని పిలుస్తుంది (నా మీద నమ్మకం లేక కాదు, ఇంటి మీద ప్రేమ కొద్దీ). అప్పుడు మాత్రం జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా కొత్తగా చేరిన ఊపులో, ఇనుముతో చేసిన ప్రతిదీ నా మాట వింటుందనుకున్నాను. విననిది ఒక్కటే, పోయిన మా తాత జీపు.

న్యాల్‌కల్ పోయే దారిలో, మా అల్లం చేనుకు కాస్త ఇవతల ఒక మలుపు ఉంది. తాత పోయినప్పటి నుంచి ఆ మలుపు దిగగానే జీపు వెనక నుంచి ఏడుపు మొదలయ్యేది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చే మగమనిషి గొంతు అది. బ్రేకు వేస్తే ఆగేది, వదిలితే మళ్లీ మొదలు. పట్టపగలు కూడా కూలీలు ఆ బండి ఎక్కడం మానేశారు. మా బాపు, ఏడుస్తున్నది సొంత తండ్రే అని కూడా చూడకుండా, "ఇగ నాతోని కాదు, తుక్కుకు అమ్ముత" అని తేల్చేశాడు. నాయనమ్మ ఒక్కతే భయపడలేదు. వెనక బెంచీ మీద, సరిగ్గా ఏడుపు వచ్చేచోట కూర్చుని, "చేను మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు" అని జవాబు చెప్పేది. (బండి నడిపేది నేను. నా వీపు ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.) జీపు తుక్కుకు పోతే ఆమెకు ఆ నాలుగు మాటలూ పోతాయి. అందుకే ఫోన్‌లో వీడియో వెతికాను.

వెనక ఇరుసు మధ్యలో కుండలా వేలాడే డిఫరెన్షియల్‌లో ఆయిల్ చెడిపోతే బండి అలా ఏడుస్తుందని వీడియో చెప్పింది. ఆయిల్ మారిస్తే ఏడుపు ఆగుతుంది, ఏడుపు ఆగితే జీపు దక్కుతుంది. పెత్రమాసకు సెలవు దొరికింది. పోయినవాళ్లు ఇంటికి భోజనానికి వచ్చే రోజున వాళ్ల బండి కింద దూరకూడదని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

లోపల తాతకిష్టమైన వంటలు ఉడుకుతున్నాయి. నేను పెరట్లో తోమి బోర్లించిన వెడల్పాటి తాంబాళం ఒకటి చూసి, జీపు కిందికి జరిపి, డిఫరెన్షియల్ అడుగు బోల్టు విప్పాను. లోపలి నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. నిజంగా నిట్టూర్పే, వెచ్చగా ముఖానికి తగిలింది. ఆ వెనకే నల్లటి ఆయిల్, దప్పికగొన్న మనిషి నీళ్లు తాగుతున్నట్టు గుటకలు వేస్తూ దిగింది. చేతిలోని బోల్టు చూస్తే, దాని చివరి అయస్కాంతానికి ఇనుప రజను పట్టి, నెరిసీ నెరవని మీసంలా నిక్కబొడుచుకుని ఉంది. అచ్చం తాత మీసమే. మధ్యాహ్నపు ఎండలో చెమట చల్లబడింది.

ఇక కొత్త ఆయిల్ పోద్దామంటే పైన నింపే బోల్టు రాదు! ముందు పైదాన్ని కదిలించి చూసుకుని, ఆ తర్వాతే కిందిది విప్పాలని వీడియో మొదట్లోనే చెప్పిందట. నేను ఆ మొదలు దాటేసి చూశాను. పానాకు పైపు తొడిగి ప్రాణం పెట్టి గుంజితే అది కదిలింది, కదులుతూ ఆ మలుపు ఏడుపే ఏడ్చింది. ఉలిక్కిపడి ఇరుసుకు తల కొట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి పక్కన రెండు వట్టి పాదాలు.

"తాంబాళం ఏదిరా? మీ తాతకు బువ్వ వెట్టాలె" అంది నాయనమ్మ.

వంగి చూసింది. తాత కంచం నిండా నల్లటి ఆయిల్, నా చేతిలో ఆ మీసం. తిడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె మాత్రం ఆ బోల్టు అందుకుని, "గిట్ల నిక్కిందంటె కోపమొచ్చినట్టే" అని, వేలితో మెల్లగా సర్దింది. తిట్టినా బాగుండేది.

కొత్త ఆయిల్ నింపి బోల్టులు బిగించాను. పొద్దు వాలకముందే, చేన్లో తాతకు అన్నం పెట్టడానికి ముగ్గురం బయలుదేరాం. మలుపు వచ్చింది, దిగాం. చప్పుడు లేదు. బాపు నా భుజం తట్టి, "శెభాష్! ఇగ అమ్మనే అమ్మ" అన్నాడు. వెనక నాయనమ్మ ఒంగి, బెంచీకి చెవి ఆనించి వింటోంది. తల ఎత్తి అడిగింది. "ఏడికి తోలినవ్‌రా ఆయనను?"

నేను గేరు మార్చి బండి పోనిచ్చాను. చేన్లో అన్నం పెడితే కాకి వాలలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాయనమ్మ మొదటిసారి ముందుకు వచ్చి మా మధ్య ఇరుక్కుని కూర్చుంది. వెనక బెంచీ ఖాళీ. మలుపు దగ్గర, ఆ ఖాళీ బెంచీ కింద నుంచి, ఊఁ... అని మొదలైంది. బాపు రెండు చేతులూ జోడించాడు. నాయనమ్మ ముఖం వెలిగిపోయింది.

"చేన్ల ఇడిశొచ్చిన అనుకున్న. ఎక్కిండు. జర మెల్లగ తోలు" అంది.

బాపు ఇంటిదాకా జోడించిన చేతులు దించలేదు. గేటు దగ్గర దిగి, "ఆయన కూసున్న బండి ఎట్ల అమ్మాలెరా" అన్నాడు, అంతే. కొత్త ఆయిల్ వేడెక్కి పలచబడితే అరిగిన బేరింగు మళ్లీ మోగుతుందని నాకు తర్వాత తెలిసింది. వాళ్లకు చెప్పలేదు, బేరింగూ మార్చలేదు.

ఇప్పుడు ఆ జీపు లేదు, నాయనమ్మా లేదు. నా కారుకు ఆయిల్ షోరూమువాళ్లే మారుస్తారు, చప్పుడన్నదే ఉండదు. అయినా ఆ మలుపులో పాటలు ఆపేసి కాస్త నెమ్మదిస్తాను. ఇప్పుడైతే రెండు గొంతులు వినిపించాలి. ఏమీ వినిపించదు. చేను దగ్గర కారు ఆపి దిగాక, వెనక తలుపు కూడా తీసి, కాసేపాగి వేస్తాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, తలుపు సరిగా పడలేదంటాను.