ఉప్పునీళ్ళ సీసా

ఒక సీసా బరువు ఎంతుంటుంది? రెండు శేర్లుండదు. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

మొన్న నా మనవరాలు తన చదువు సంగతి చెప్పింది. మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉందట. ఫార్మాల్డిహైడు అనే విషాన్ని విరగ్గొట్టి హాని లేకుండా చేసే ఎంజైము దాని ఒంట్లోనే ఉందట. శవాల గదిలో మేం వాడిన ఫార్మాలిన్‌లో ఉండేది ఆ విషమే. తింటున్న కంచం పక్కకు జరిపాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి శవాల గదికి నేను అటెండరును. ఒక మధ్యాహ్నం ఓబులేసు శవం వచ్చింది. ఊరి పెద్దకు ఎదురు సాక్ష్యం చెప్పబోయాడని నలుగురు పట్టుకుని, దుడ్డుకర్రలతో మోకాళ్ళు విరగ్గొట్టి, పళ్ళు రాలేట్టు నోరు తెరిపించి, గన్నేరుపప్పు నూరి పోశారు. ఊరంతా చూసింది, ఒక్కడూ నోరు విప్పలేదు. మిద్దె మీంచి పడి చచ్చాడని వాళ్ళు చెప్పుకొచ్చారు. ఇక నిజం తేలాల్సింది కడుపులోనే.

డాక్టరు కడుపు కోసి సీసాలో పెట్టి, ఉప్పునీళ్ళు పోసి మూత బిగించమని చెప్పి చేతులు కడుక్కోవడానికి పోయాడు. విషం కేసుకు ఉప్పునీళ్ళే పోయాలి. ఫార్మాలిన్ పోస్తే మాంసం చెడదు గానీ విషం ఆనవాలు చెడిపోతుంది. నాకది తెలుసు. తెలిసే ఫార్మాలిన్ పోశాను.

ఎందుకు? భయపడి పోశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. థూ, పచ్చి అబద్ధం. నన్నెవరూ బెదిరించలేదు. అంతకు ముందు ప్రొద్దుటూరు సంతలో, శవాలు కోసే చెయ్యి తనకు తగిలిందని ఓబులేసు నన్ను చెప్పుతో కొట్టాడు. అందరూ నవ్వారు. ఆ చెంప ఇంకా మండుతుండగానే వాడి కడుపు నా చేతికొచ్చింది. చచ్చినవాడి మీద పగ తీర్చుకున్న మొనగాణ్ణి నేను.

బయట ఓబులేసు తల్లి గోడకానుకుని కూర్చునుంది.

"నాయనా, నా బిడ్డకు ఇసం పోసినారని ఆ సీసా చెప్తాదా?"

"చెప్తాది లేవ్వా. నువ్వు ఇంటికి పో."

"నీ కడుపు సల్లగుండ నాయనా" అని, ఫార్మాలిన్ వాసన కొడుతున్న నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

సీసాను పరీక్ష చేసినవాళ్ళ నుంచి విషం ఆనవాలు లేదని కాగితం వచ్చింది. పోలీసులు పట్టుకుపోయిన నలుగురూ విడుదలై ఇంటికొచ్చారు. నెల తిరక్కముందే, ఆ నలుగురిలో ఒకణ్ణి పులివెందుల బస్సు దిగుతుండగా ఓబులేసు తమ్ముడు వేటకొడవలితో మెడ మీద నరికాడు. మిగతా ముగ్గురూ అక్కడే ఆ తమ్ముణ్ణి కింద పడేసి బండరాయితో తల చితక్కొట్టారు. ఆ తమ్ముడి శవమూ నా బల్ల మీదికే వచ్చింది. వాళ్ళమ్మ మళ్ళీ అదే గోడ దగ్గర కూర్చుంది.

ఫార్మాలిన్ పాడు చేసినదాన్ని ఆ ఎంజైము తిరిగి తెస్తుందా అని మనవరాలిని అడిగాను.

"అదెట్ల తెస్తాది తాతా? ఫార్మాలిన్‌ను తీసేస్తాది, అంతే" అంది.

ఆ అవ్వ దీవెన మాత్రం ఫలించింది. నా కడుపు చల్లగానే ఉంది. ముగ్గురు బిడ్డలు, ఈ మనవరాలు. ఆ అవ్వకు ఎవరూ మిగల్లేదు. ఆ సీసాలో ఫార్మాలిన్ పోసింది నేనే. ఇన్నేళ్ళకు ఒకరితో అన్నాను.