బషీర్ భాయ్ దగ్గర నల్ల పౌడర్ అయిపోయింది

బషీర్ భాయ్‌కి భయం తప్ప ఇంకే చెడ్డ అలవాటూ లేదు. బీడీ లేదు, గుట్కా లేదు, ఒకరి మీద చాడీ చెప్పడం లేదు. భయం మాత్రం పొద్దున పళ్ళు తోముకోకముందే మొదలుపెడతాడు. లోకంలో ఎవరు ఏ పని తలపెట్టినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "ఏమన్న అయితే ఎట్ల?"

పటాన్‌చెరులో ఆయన పౌడర్ కోటింగ్ షెడ్డుకూ నా అట్టపెట్టెల షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. ఆయన ఇనుప, అల్యూమినియం సామాన్ల మీద రంగు పొడి కొట్టి, కొక్కేలకు వేలాడదీసి ఓవెన్‌లో కాలుస్తాడు. పొడి కరిగి గట్టిగా పట్టేస్తుంది. వాటిని నేను పెట్టెల్లో సర్ది పంపిస్తాను. అందుకని ఆయన భయాల్లో సగం గోడ దాటి నా వాటాకు వస్తాయి. ఆయన షెడ్డు తాళంచెవి ఇంకోటి నా దగ్గరే ఉంటుంది. తన దగ్గరున్నది పోతే ఎట్లా అని. సాయంత్రం బీరంగూడలో ఇల్లు చేరాడో లేదో ఫోను.

"సరస్వతక్కా, ఓవెన్ బంద్ చేసిన్నా?"

"చేసినవు భాయ్. నా ముందటనే చేసినవు."

"జెర పోయి సూడరాదు. ఏమన్న అయితే ఎట్ల?"

నేను పోయేదాన్ని కాదు. కూర్చున్న చోటే కాసేపు ఆగి, "చూసిన భాయ్, బందే ఉన్నది" అనేదాన్ని. ఆయన నిద్రపోవాలి, నేను పెట్టెలు మడవాలి. ఇద్దరికీ అదే మంచిది.

ఈ జబ్బు కొత్తది కాదని ఆయన భార్య బేగంబీ చెబుతుంది. నిఖా నాడు ఖాజీ సాబ్ "ఖబూలా?" అని అడిగితే ఈయన జవాబు చెప్పకుండా ఎదురు అడిగాడట: "ఆమెను మంచిగ అడిగిన్రా? మొహమాటానికి ఒప్పుకుంటే ఎట్ల?" పెళ్ళివాళ్ళంతా నవ్వుతుంటే లోపలి గదిలోంచి బేగంబీయే గట్టిగా చెప్పిందట, "నేను ఒప్పుకున్న, ఆయన్ని జల్దీ ఒప్పుకోమనుండ్రి" అని.

ఒకసారి ఎవరో బాల్కనీ గ్రిల్లు రంగుకు ఇచ్చారు. చువ్వల మధ్య పిల్లల తల పడుతుందేమోనని ఈయన తన తలే పెట్టి చూశాడు. తల దూరింది, రాలేదు. నేను కొబ్బరినూనె రాసి, చెవులు మడిచి, దేవుణ్ణీ అల్లానూ ఒకేసారి తలుచుకుని బయటికి లాగాను. తీరా చూస్తే ఆ గ్రిల్లు వాళ్ళింట్లో పిల్లలే లేరు. "పక్కింటోళ్ళ పిల్లలు రారా?" అన్నాడు చెవులు తడుముకుంటూ.

అలాంటి మనిషి దగ్గరికి తుపాకులు వచ్చాయి.

వెలిమెల దిక్కున శ్రీకర్ అనే ఆయన పెయింట్‌బాల్ గ్రౌండు పెడుతున్నాడు, రంగు గోలీలతో ఒకరినొకరు కాల్చుకుని ఆడే ఆటకు. ఆ ఆట తుపాకులు పాతవి ఎక్కడో కొన్నాడు, రంగంతా గీకుకుపోయి ఉంది. వాటిని గ్రౌండు వాచ్‌మన్ మొగులయ్య ఎక్సెల్ బండి మీద గోనెసంచిలో వేసుకొచ్చాడు. కాజీపల్లిలో మిషన్ల మోత మధ్య ఏళ్ళకేళ్ళు పనిచేసి మొగులయ్యకు రెండు చెవులూ పోయాయి. బషీర్ భాయ్ "మెల్లగ, మెల్లగ" అని అరుస్తూనే ఉన్నాడు, ఆయన నేరుగా వచ్చి పొడి డబ్బాల మీదికి బండి ఎక్కించాడు. ఒంటి మీద బనీను మాత్రమే ఉంది. అంగీ సంచి మీద కప్పి ఉంది. ఎండకు తాళలేక విప్పాడనుకున్నాను.

వెనకే శ్రీకర్ కారులో దిగాడు.

"వీటిని తుపాకులు అనొద్దు భాయ్, మార్కర్లు అనాలె. గోలీల రంగు నీళ్ళుంటయి. తగిలితే అంగీ ఖరాబైతది, గంతే."

"మరి ఏ రంగెయ్యాలె సార్?"

"నలుపు. మెరుపు ఉండొద్దు. అసలు దాని లెక్క కనవడాలె, అదే మజా. ఆదివారం ఓపెనింగు. ఇది మంచిగ చేసిస్తే గ్రౌండు ఫెన్సింగ్, బెంచీలు, అన్ని నీకే."

ఆ మాటకు బషీర్ భాయ్ కంటే నాకే ఎక్కువ ప్రాణం లేచొచ్చింది. కొన్ని నెలలుగా పని లేక ఆ ఓవెన్ వేడెక్కిన రోజులు తక్కువ. షెడ్డు కిరాయి కట్టలేక ఖాళీ చేస్తాడేమోనని బేగంబీ నా దగ్గర కళ్ళొత్తుకుంది కూడా. ఫెన్సింగ్ పని వస్తే ఏడాదికి బెంగ ఉండదు.

ఆయన పని మొదలుపెట్టాడు. మార్కర్లు విప్పాడు, కడిగాడు, గాలి సీసా బిగించే మరలకు, గోలీ పోయే గొట్టానికి రబ్బరు బిరడాలు పెట్టాడు. లోపల పొడి పేరుకుంటే గోలీ ఇరుక్కుంటుంది, ఇరుక్కుంటే ఎట్లా. కన్నం కనబడితే చాలు, బిరడా. ఆయన మాటలు వినీ వినీ రెండు బిరడాలు నా చెవులకూ అడుగుదామనుకున్నాను.

పొడి కొట్టే ముందు అసలు భయం పట్టుకుంది.

"పోలీసోళ్ళు సూస్తే ఎట్ల అక్కా? మనమే పోయి ముందుగాల చెప్పొద్దాం."

బేగంబీ నాకు ఫోను చేసి, "నువ్వూ పో అక్కా, ఒక్కడే పోతే జైల్లనే పండుకొని వస్తడు" అంది. జుమ్మా నమాజుకు వేసుకునే బట్టలు వేసుకుని, చేతిలో తువ్వాల మూట పట్టుకుని బయల్దేరాడు. మూటలో ఏముందని నేను అడగలేదు. మిఠాయి అనుకున్నాను.

స్టేషన్‌లో సలాం పెట్టి, ఆ మూట విప్పి, పాత నల్లరంగు ఇంకా అక్కడక్కడా మిగిలిన మార్కర్ ఒకటి తీసి పట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు బెంచీ కిందికి పోయారు. కానిస్టేబుల్ కుర్చీ ఎగిరిపడింది.

"కింద పెట్టు. కింద పెట్టు అంటున్న."

బషీర్ భాయ్ దాన్ని కింద పెట్టాడు. పనిలో పనిగా తానూ బోర్లా పడుకున్నాడు. నేను అట్టపెట్టెల నుంచి మొదలుపెట్టి పెయింట్‌బాల్ దాకా సంగతంతా చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెప్పనీకి వచ్చినోనివి, దీన్నెందుకు తెచ్చినవయ్యా?"

"చూపెట్టకుంటే నమ్మరు కద సార్," అన్నాడు బషీర్ భాయ్ నేల మీది నుంచే.

నవ్వి పంపించేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోవాడు లారీ ముందు నుంచి అడ్డంగా దూర్చాడు. బషీర్ భాయ్ ఒక్క మాట అనలేదు. అప్పుడు భయం వేసింది నాకు. ఈయన భయపడితే లోకం మామూలుగా ఉన్నట్టు లెక్క. ఊరుకున్నాడంటే ఏదో తేడా వచ్చిందన్నమాట. మర్నాడు సీలు తీయని పౌడర్ పెట్టె ఒకటి తెచ్చి నా షెడ్డులో పెట్టి, "తేమ తగులుతది అక్కా, నీ దగ్గర ఉండనీ" అని పోయాడు.

శనివారం శ్రీకర్ వచ్చాడు. సామాను మోసుకుపోవడానికి మొగులయ్య ఎక్సెల్ మీద వచ్చాడు. లోపల కొక్కేలకు మార్కర్లు వరసగా వేలాడుతున్నాయి. అన్నీ పచ్చి పసుపు రంగు.

"ఇదేంది భాయ్?"

"నల్ల పౌడర్ అయిపోయింది సార్."

అబద్ధం చెప్పడం కూడా రాదు ఈయనకు. చెబుతూ చెబుతూ నా షెడ్డు గోడ వైపు చూశాడు. ఆ పెట్టెలో ఏముందో నాకు అప్పుడు తెలిసింది.

"అయిపోతే ఫోన్ చెయ్యవా? రేపు గచ్చిబౌలి కంపెనీలోళ్ళు వస్తున్నరు. ఈ పసుపు పట్టుకొని పేరంటం చెయ్యాల్నా వాళ్ళు? ఫెన్సింగ్ సంగతి ఇగ మర్చిపో."

బషీర్ భాయ్ తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నోరిప్పు భాయ్. పిట్ట ఎగిరితె భయపడేటోనివి, చేతికొచ్చిన పని పోతుంటె భయమైతలేదా?"

ఆయన మొగులయ్య వైపు చూసి, శ్రీకర్ చెయ్యి పట్టుకుని ఓవెన్ వెనక్కి లాక్కుపోయాడు. నేనూ పోయాను. గొంతు తగ్గించి చెప్పాడు.

"స్టేషన్ల కింద పెట్టుమని ఒర్రిండ్రు సార్. నాకు వినవడ్డది, పెట్టిన. వీటిని బండి మీద మోసేది మొగులయ్య. సంచిలకెళ్ళి నల్లగ మూతి కనవడి ఎవలన్న ఆగుమని ఒర్రిన్రనుకో. ఆయనకు వినవడదు. ఆగడు. ఆగకపోతే..."

అక్కడ ఆగిపోయాడు. పొద్దస్తమానం అనే మాట ఆ ఒక్కచోట నోటికి రాలేదు.

"పసుపుదైతే ఎవలు ఒర్రరు సార్. నవ్వుతరు."

శ్రీకర్ ఓవెన్ చాటు నుంచి మొగులయ్య వైపు తొంగి చూశాడు. "గీ ముచ్చట అక్కడనే చెప్పొచ్చు గద, ఇక్కడికి గుంజుకొచ్చుడెందుకు?"

"మెల్లగ సార్, వింటడు. చెవుల సంగతి తీస్తే మనసుకు కష్టమైతది."

వినపడని మనిషి వింటాడని గుసగుసలాడుతున్న ఆయన్ని చూసి నాకు నవ్వొచ్చింది.

బయటికి వచ్చేసరికి మొగులయ్య కొక్కెం నుంచి ఒక మార్కర్ తీసి తిప్పి చూసుకుంటున్నాడు. తన గొంతు తనకు వినపడదు కనుక షెడ్డు అదిరేలా చెప్పాడు: "రంగు మంచిగున్నది సారూ. ఆనాడు తెచ్చేటప్పుడు మూతులు బయటికి వస్తాంటే గుండె దడదడ కొట్టుకున్నది. అంగీ ఇడిసి కప్పి తెచ్చిన."

శ్రీకర్ ఆ పసుపు మార్కర్‌ను చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"ఉండనీ. రేపు పేరంటమే చేస్తం," అన్నాడు. కారెక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఫెన్సింగ్‌కు ఏ పౌడర్ అయిపోతదో ముందుగాలనే చెప్పు భాయ్."

నేను పెట్టెలు కట్టి ఇచ్చాను. మొగులయ్య బయల్దేరాడు. బషీర్ భాయ్ "హెల్మెట్ పట్టీ పెట్టుకో" అని అరుస్తూ వెంట పరుగెత్తాడు, ఆయనకు వినపడలేదు. ఇక లాభం లేదని స్కూటర్ తీసి, రెండు దిక్కులా ఇండికేటర్లు వెలిగించుకుని, వెలిమెల దాకా ఆయన వెనకే పోయాడు.

సాయంత్రం ఫోను వచ్చింది.

"మంచిగ చేరిండు అక్కా. దారిల పోలీసాయన పెట్టెలు ఇప్పి సూసి నవ్విండు. అది సరేగని, ఓవెన్ బంద్ చేసిన్నా?"

"చేసినవు భాయ్."

ఫోను పెట్టేసి, తాళంచెవి తీసుకుని పోయి చూశాను. బందే ఉంది. తాళం వేసి నా షెడ్డు గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయి ఇంకోసారి చూసి వచ్చాను. ఏమన్న అయితే ఎట్ల?