తప్పు మీట నొక్కితే

మొన్న తిరుపతిలో ఒక ఆస్పత్రికి వెళితే టోకెన్లిచ్చే యంత్రం కీమని అరిచింది. తెర మీద పదకొండు గళ్ళు. మళ్ళీ ఏది తాకాలో తెలియక ఒక ముసలాయన వేలు గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు. ఆ అరుపుకు నాకు రత్నమ్మక్క గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో చిత్తూరులో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రికి కంప్యూటరు అమ్మాను. మా నాయన పాత్రల అంగడిలో పెరిగినవాణ్ణి కదా, అమ్మడం వచ్చు. అమ్మిన వస్తువు గురించి తెలిసింది మాత్రం అంతంతే. అక్కడ చీటీలు రాసే కౌంటరులో పదిహేనేళ్ళుగా రత్నమ్మక్కే కూర్చునేది. సోమవారానికల్లా కంప్యూటరు నడపడం రాకపోతే ఆమెను దుప్పట్ల గదికి మారుస్తానని పెద్ద డాక్టరుగారు చెప్పేశారు.

యంత్రం ఆన్ చేశాను. నల్లటి తెర, మూలన మినుకుమినుకుమనే ఒక గీత. ఆమె భయంభయంగా ఏదో నొక్కింది. తప్పని ఇంగ్లీషులో కసిరింది యంత్రం.

"ఏమప్పా, ఇది వాకిట్లోనే తిడతా ఉండాది. ఐరాల నించి వచ్చినోళ్ళని 'యాడికి పోవాల?' అని నేనడిగితే వాళ్ళేం చెప్తారు? జొరమా, దెబ్బా, కాన్పా అని నేనే అడగాల. ఇదీ అట్లే అడగాల గదా."

మర్నాడు అంకె నొక్కి పని ఎంచుకునేలా, తెర మీదకి పన్నెండు వరుసల పట్టీ తెచ్చాను. పైన చుక్కల మధ్య మా కంపెనీ పేరు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"మూడు సాలు."

"పదైనా లేకుంటే యంత్రానికి పరువేముందక్కా?"

"పరువు దానికా, నీకా?"

ఎనిమిదికి దిగాను. ఆమె మూడు దగ్గరే కూర్చుంది. మా నాయన కూడా అంత గట్టి బేరగాడు కాదు. చివరికి నాలుగుకు తెగింది: కొత్త చీటీ, పాత చీటీ, ఏ డాక్టరు, ఆపడం. కంపెనీ పేరు అడుగుకు జారింది. "చీటీకొచ్చినోళ్ళు నీ పేరు అడగర్లేప్పా" అంది. తప్పు నొక్కితే యంత్రం ఏమనాలో కూడా ఆమే చెప్పింది. ఆ తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.

సోమవారం డాక్టరుగారు ఆమె వెనకే నిలబడ్డారు. కాలికి కట్టుతో ఒక రైతు వచ్చాడు. అక్క తడబడి ఒకటికి బదులు ఏడు నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'పరవాలేదు. మళ్ళీ నొక్కండి.'

తన మాట తనకే వినిపించినట్టు నవ్వి, ఆమె ఒకటి నొక్కింది. చీటీ అచ్చయింది.

"దుప్పట్ల గదికి ఇంకెవర్నైనా చూద్దాం" అంటూ డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోయారు.

మొన్న ఆ ముసలాయన పక్కన నిలబడి నేనూ అదే మాట అన్నాను. ఆయన ధైర్యంగా నొక్కాడు. ఇప్పటికీ ఎవరైనా నాకు యంత్రం అమ్మజూపితే కావాలనే ముందు తప్పు మీట నొక్కుతాను. అది నాతో ఎలా మాట్లాడుతుందో చూశాకే ధర అడుగుతాను.