తాళం వెనుక మార్కండేయుడు

బతుకుదెరువుకు వలసొచ్చిన ఈ గోడాదరాలో, మా అంతస్తులో నాలుగు ఇళ్లున్నా, ఇప్పుడు మనుషులున్నది మా ఇంట్లోనే. మా ఆయన మగ్గాల కార్ఖానాకు వెళ్లిపోయాక నాతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే. అయినా తల దాచుకోడానికి చోటుంది. మా కులదైవం మార్కండేయ స్వామి దయ.

ఎదురింట్లో మా పద్మశాలీలే ఉండేవారు. ఆ ఇంటావిడ నాకు చెల్లెలి వరుస. ఇద్దరం ఒకే ఏడాది లోన్ తీసుకుని ఇళ్లు కొన్నాం. అప్పట్లో ధరలు రోజురోజుకూ పెరిగేవి. లోన్ ఇప్పించే ఏజెంటు ఒకడు మెట్లెక్కి వచ్చి, మా చాయ్ తాగి, పెరిగిన ధర మీద ఇంకో లోన్ తీసుకుని సొంత మగ్గాలు పెట్టుకొమ్మనేవాడు. కూలికి వెళ్లేవాళ్లకు జీతం కాగితాలు ఎక్కడివంటే, అవన్నీ తానే పుట్టిస్తానన్నాడు. మా ఆయనకు సంతకమంటేనే భయం. అందుకని మేము ఆగాం, తెలివుండి కాదు. చెల్లె వాళ్లు తీసుకున్నారు.

"ఈ గోడలు కోళ్ల లెక్క గుడ్లు పెడుతున్నయ్ అక్కా! నువ్వేమో మాల తిప్పుకుంట కూసున్నవ్," అని చెల్లె నవ్వేది.

తరువాత బట్టకు గిరాకీ పడిపోయింది. వాళ్ల మగ్గాలు సగం రోజులు ఆగే ఉండేవి. వడ్డీ పెరిగింది, ఇళ్ల ధరలు దిగాయి. ఇల్లు అమ్మినా అప్పు తీరదని తెలిశాక చెల్లె నవ్వడం మానేసింది.

ఫైనాన్స్ వాళ్లు పోలీసుతో వచ్చిన రోజు నేను పనుండి ఉధ్నా పేటకు వెళ్లి ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఎదురింటికి తాళం, దాని మీద లక్క ముద్ర. మెట్ల మీద గిన్నెలు, పరుపులు. వాటి మధ్య చెల్లె కూర్చుని ఉంది.

"సామి లోపట్నే ఉండిపోయిండక్కా," అంది. "నేను ముట్టుల ఉన్న. పటం ఎట్ల పట్టుకుంట? ఈయనేమో కార్ఖానాల ఉండె. నువ్వన్న లేకపోతివి."

వాళ్లు మా సొంతూరు సిరిసిల్లకు వెళ్లిపోయారు. రోజూ ఫోన్ చేసి ఒకటే అడిగేది: "సామికి దీపం లేదు గదక్కా?" నేను ఆ తలుపు బయట ముగ్గేసి, ప్రమిద పెట్టేదాన్ని. గాలికి ఆరిపోయేది. మళ్లీ వెలిగించేదాన్ని. అంతస్తంతా చీకటిగా ఉండేది కాబట్టి, నిజం చెప్పాలంటే, ఆ దీపం నాకూ తోడే.

ఇల్లు చూసేందుకు కొనేవాళ్లు వచ్చేవారు. ధర ఇంకా తగ్గుతుందంటూ దిగిపోయేవారు. వాళ్లకు తాళం తీసే ఫైనాన్స్ ఆఫీసరును ప్రతిసారీ పటం అడిగేదాన్ని. లోపలి సామానంతా రాసుకున్నారట, చెంచా కూడా కదపకూడదట. ఒకరోజు కొనేవాళ్లెవరూ రాలేదు. ఆఫీసరు ఒక్కడే వచ్చి, చాలాసేపు నిలబడి, మా ఇంట్లో మంచినీళ్లు తాగి, తాళం తీశాడు.

"లే జావో, బెన్. తీసుకుపోమ్మా. దేవుణ్ణి ఎవరు వేలంలో పాడతారు?"

లోపల మా ఇల్లే, కుడిఎడమలు తారుమారైనట్టుంది. మార్కండేయ స్వామి పటం మీద దుమ్ము. కొంగుతో తుడిచి, గుండెకు ఆనించుకుని తెచ్చాను. ఆ ఆఫీసరు పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

వెంటనే ఫోన్ చేశాను. "తెచ్చిన చెల్లే! ఊరికి పోయేటోళ్ల చేతికిచ్చి పంపాల్నా?"

చెల్లె ఫోన్ పట్టుకుని బయటికి నడిచినట్టుంది.

"వద్దక్కా. ఈడ ఆడిబిడ్డ ఇంట్ల ఒక్క అర్రల ఉంటున్నం. మేమే జర ఒదిగి పంటున్నం. నీ దగ్గర్నే ఉండనీ."

"ఎన్నొద్దులు?"

"మల్ల ఇల్లు కొన్నంక అడుగుత."

నవ్వుతుందేమోనని ఆగాను. నవ్వలేదు. ఆ తరువాత ఫోన్లు తగ్గాయి. నేను చేస్తే, పనిలో ఉన్నానంటుంది.

మా దేవుడి గూట్లోనూ మార్కండేయుడే. ఒకే స్వామి, పక్కపక్కన రెండు పటాలు. పొద్దున దీపం పెట్టి, ముందు వాళ్ల ఇంటి సంగతి చెప్పుకుంటాను. మా సంగతి ఆ తరువాత.