కటూంబాలో బూటుకాలి పాఠం

1990 మే నెలలో ఒక శనివారం పొద్దున ఏడుంపావుకి నేనూ, మా ఆడపడుచు సలోమీ మా పేట పెండిల్ హిల్ స్టేషన్‌లో, కొండ మీది ఊరు కటూంబాకి డే రిటర్న్ టికెట్లు తీసుకున్నాం. మనవాళ్ళు కటూంబా వెళ్ళేది కొండ అంచున నిలబడి ఫోటోలు దిగడానికి. మేం వెళ్ళింది మనుషుల్ని తన్నడం నేర్చుకోవడానికి.

కారణం ముందే చెప్తాను. సలోమీ ఆస్పత్రిలో నర్సు. రెండు వారాల కిందట సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే, ఇదే స్టేషన్ మెట్ల దగ్గర ఎవడో ఆమె చెయ్యి పట్టుకుని గోడవైపు లాగాడు. పైనుంచి మనుషుల మాటలు వినబడేసరికి వదిలేసి పారిపోయాడు. ఆ రోజు నుంచి సలోమీ ఇల్లు కదల్లేదు. పెట్టిన సెలవు సోమవారంతో అయిపోతుంది.

"రిజైన్ చేసెయ్. నిన్ను నేను చూసుకోలేనా?" అన్నాడు మా ఆయన.

వాళ్ళన్నయ్య ప్రేమతోనే అన్నాడు. కానీ గుంటూరులో నర్సింగ్ చదివి, ఈ పరాయి దేశంలో మళ్ళీ పరీక్షలు రాసి సంపాదించుకున్న ఉద్యోగం అది. ఆ మాట విన్నాక ఆమె రెండు పూటలు అన్నం తినలేదు. అలాగని గేటు దాటనూ లేదు.

నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. తర్వాత చదివిందంతా లైబ్రరీల్లోనే, నా అంతట నేనే. కష్టమొస్తే మా చర్చివాళ్ళు పాస్టరుగారి దగ్గరికి వెళ్తారు. నేను ముందు లైబ్రరీకి వెళ్తాను. ఆత్మరక్షణ పుస్తకాల వరసలో జూడో, కరాటేల మధ్య సన్నటి పుస్తకం ఒకటి దొరికింది. సవాత్ అనే ఫ్రెంచి విద్య గురించి. మిగతావాళ్ళు వట్టికాళ్ళతో తంతారు, వీళ్ళు బూట్లతో తంతారు. నాకు వెంటనే నచ్చింది. రోడ్డు మీద ఎవడైనా మీద పడితే బూట్లు విప్పుకునే తీరిక ఎక్కడుంటుంది? అదే లైబ్రరీ నోటీసు బోర్డు మీద కటూంబాలో ఒక చర్చి హాల్లో ఆడవాళ్ళకి ఒకరోజు సవాత్ క్లాసు అని చీటీ కనబడింది. ఇక నన్ను ఆపేవాళ్ళెవరు? పక్కన నేనుంటాగా అని బతిమాలి సలోమీని ఒప్పించాను.

చీరతో తన్నడం కుదరదని మా ఆయన ప్యాంటు నడుం దగ్గర పిన్నులు పెట్టి తొడుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక ప్యాంటు వేసుకోవడం అదే మొదలు. మా అమ్మాయి నిద్రకళ్ళతో చూసి "మమ్, యూ లుక్ లైక్ డాడ్!" అని మళ్ళీ ముసుగు తన్నింది. సలోమీ డ్యూటీకి వేసుకునే తెల్ల బూట్లే వేసుకుంది. ఆమెకి వేరే బూట్లు లేవు. స్టేషన్ మెట్లు నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఎక్కింది.

బ్లాక్‌టౌన్‌లో దిగి కొండల బండి పట్టుకున్నాం. రెండంతస్తుల పెట్టెలో పై అంతస్తుకెక్కి పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, చదివిందంతా సలోమీకి చెప్పాను. మార్సేల్స్ రేవులో ఫ్రెంచి నావికులు ఓడ ఊగుతుంటే ఒక చేత్తో తాడు పట్టుకుని, పడిపోకుండా కాలితో తన్నేవారట.

"వదినా, నువ్వు చెప్తుంటే బానే ఉంది గానీ, వాడికీ ఆ పుస్తకం చదివి వినిపించేలోపు బండి వెళ్ళిపోద్ది," అంది సలోమీ. రెండు వారాల్లో ఆమె వేసిన మొదటి జోకు.

పెన్‌రిత్‌లో ఎక్కిన ముసలాయన మా బూట్లు చూసి "బుష్ వాకింగా, లవ్?" అని అడిగాడు, అడవిలో నడకకా అని; ఇక్కడి ముసలివాళ్ళకి ఏ ఆడమనిషైనా 'లవ్వే'. సంగతి చెప్పాను. ఆయన తలూపి, "మా మిసెస్‌కి ఆ క్లాసు అక్కర్లేదు. ఒక్క చూపు చూస్తే చాలు, నేను పడిపోతా," అన్నాడు. నది దాటాక బండి మెల్లగా కొండెక్కింది. కిటికీల నిండా పొగమంచు.

తొమ్మిదిన్నర దాటాక కటూంబాలో దిగాం. స్టేషన్ ముందు వీధి వాలుగా దిగుతుంది. చర్చి హాలు ఆ వీధిలో సగం దూరంలో ఉంది. వెళ్ళేవాళ్ళు స్వెటర్ మర్చిపోవద్దు. ఇక్కడ మే అంటే చలికాలం ముందు, అప్పటికే పళ్ళు టకటకలాడాయి.

హాలు గుమ్మం దగ్గర మా ఊరి అలవాటు ప్రకారం బూట్లు విప్పి, ఓ పక్కన సర్ది లోపలికి నడిచాం. చర్చి హాలాయె, పైగా విద్య నేర్చుకునే చోటు. లోపల ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. అందరి కాళ్ళకీ బూట్లు. అందరూ మా పాదాల వంకే చూస్తున్నారు.

టీచరు పేరు ఒడీల్. అరవై దాటిన ఫ్రెంచావిడ, తెల్లటి పొట్టిజుట్టు, చీపురుపుల్లలాంటి మనిషి. "మీ ఆయుధాలు బయట పారేసి వచ్చారా?" అంది. బూట్ల కోసం బయటికొచ్చేసరికి చినుకులు పడి అవి తడిసిపోయున్నాయి. ఆ తడి బూట్లే తొడుక్కున్నాం.

ఆ తర్వాత చూసింది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఒడీల్ ఒక అమ్మాయిని పిలిచి, తన చెంప చూపించి, "ఇక్కడ పెట్టు," అంది. ఆ అమ్మాయి కాలు కొరడాలా లేచి బూటు ముందుభాగంతో ఆ పెద్దావిడ చెంపని తాకి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మన దగ్గర చెప్పు చూపించినందుకే తలలు పగులుతాయి. అమ్మ వయసున్న గురువు చెంప మీద బూటు పెట్టడం, ఆమె "బాగుంది, ఇంకా మెత్తగా" అనడం! పుస్తకంలో బొమ్మలున్నాయి. కానీ బొమ్మలో చెంపకి వయసుండదు.

మా వంతు వచ్చింది. అతి సులువైన తన్ను: బూటు లోపలి అంచుతో ఎదుటివాడి మోకాటి కింద ఎముక మీద. సలోమీ కాలు అలా తగిలిందో లేదో, గబుక్కున వంగి ఒడీల్ కాలిని తాకి చెయ్యి కళ్ళకద్దుకుంది. మనకి చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. రెండోసారీ అంతే.

"ఏమిటిది? నాకు ఆశీర్వాదమా?" అని అడిగింది ఒడీల్.

నేను వివరించాను. మా వాళ్ళలో కాలు ఎవరికైనా తగిలితే తప్పు, అలా చేసి క్షమాపణ చెప్పుకుంటాం అని. ఆవిడ నవ్వలేదు.

"మంచి అలవాటు. కానీ నువ్వు వంగినప్పుడు నీ మెడ ఎదుటివాడి చేతికి అందుతుంది," అంది.

నాతో చేయించినప్పుడు తన్నుల ఫ్రెంచి పేర్లన్నీ గడగడా చెప్పాను. ఒడీల్ మెచ్చుకుంటూనే నా కాలికి కాలు అడ్డం పెట్టి ఇట్టే నన్ను నేల మీద కూర్చోబెట్టింది. పిన్ను ఊడి మా ఆయన ప్యాంటు జారబోతే పట్టుకున్నాను. సలోమీ పకపకా నవ్వింది.

మధ్యాహ్నం హాలు మెట్ల మీద పులిహోర తింటుంటే ఆ నవ్వు పోయింది. "మెత్తని ప్యాడ్ పెడితే తన్నగలుగుతున్నా వదినా. మనిషినైతే తాకడమే గానీ తన్నలేకపోతున్నా. నా వల్ల కాదు. సోమవారం అన్నయ్య చెప్పినట్టే చేస్తా."

పులిహోర డబ్బాకి మూతపెట్టి ఆమెని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను. క్లాసు అయ్యేదాకా సాధన చేసినా ఆమె కాలు మనిషి ముందు గాల్లోనే ఆగిపోయింది. వెళ్ళేటప్పుడు ఒడీల్ ఆమె భుజం తట్టి, "తన్ను, కాలు కింద పెట్టు, తర్వాత దూరం జరుగు. క్షమాపణ ఇంటికెళ్ళి చెప్పుకో," అంది.

మూడు గంటలకి తిరుగు బండి. బ్లాక్‌టౌన్‌లో మారి లోకల్ ఎక్కాం. మా స్టేషన్‌కి ముందుది, టూంగాబీ, దాటాక దిగడానికి తలుపు దగ్గర నిలబడ్డాం. అక్కడ చేతిలో బీరు డబ్బాతో ఒకడున్నాడు. బయట ఇంకా కాస్త వెలుతురుంది, పైన జనం కూర్చునే ఉన్నారు.

"హే, కర్రీ! ఎక్కడికి పోతున్నారు?" అన్నాడు. ఇక్కడ మనవాళ్ళని వెక్కిరించే మాట అది. తలుపుకి అడ్డంగా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. నా సంచి కింద పడింది. సవాత్ చరిత్ర అంతా తెలిసిన నేను కొయ్యబారిపోయాను.

"లెట్ గో!" అంది సలోమీ. వాడు నవ్వి ఇంకా గట్టిగా లాగాడు.

బండి బ్రేకు వేస్తూ ఊగింది. సలోమీ ఎడమ చేత్తో స్తంభం పట్టుకుంది. తెల్లబూటు ఒకటి నా పక్కనుంచి దూసుకెళ్ళింది. టక్‌మని ఎముక చప్పుడు. వాడు నా చెయ్యి వదిలి, కాలు పట్టుకుని, బూతులు తిడుతూ పై అంతస్తుకెక్కే మెట్ల మీద కూలబడ్డాడు.

నాకు దిమ్మ తిరిగింది. కళ్ళెదుట మనిషిని బూటుకాలితో తన్నింది మా సలోమీ, చీమని కూడా ఊది పక్కకి పంపే సలోమీ. నా కుడిచెయ్యి దానంతటదే లేచి నా కళ్ళని తాకింది. ఆమె తరఫున నేను అద్దుకున్నాను!

"వదినా, దణ్ణాలు తర్వాత! ముందు దిగు!"

తలుపులు తెరుచుకున్నాయి. సంచి ఆమే తీసింది. ప్లాట్‌ఫామ్ మీద గార్డుకి చెయ్యి ఊపి పిలిచి, ఏం జరిగిందో గుక్కతిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పిందీ ఆమే. చెప్పడం అయ్యాక ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి ఫ్లాస్కులో మిగిలిన టీ తాగించాను.

"నీ మీద చెయ్యేస్తే ఎట్టా ఊరుకుంటా?" అంది. కప్పు నా చేతికిచ్చి, తనలో తాను అనుకుంటున్నట్టు, "మరి నా మీద వేస్తే ఎందుకు ఊరుకోవాలి?" అంది.

ఇంటికి పోవాలంటే రెండు వారాల కిందటి ఆ స్టేషన్ మెట్లే దిగాలి. నేను చెయ్యి అందించబోతే వద్దంది. మధ్యలో, ఆ గోడ దగ్గర, ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ నడిచింది.

కటూంబా చల్లని చోటు, చక్కని చోటు, మీరూ వెళ్ళండి. కొండలు నేను సరిగా చూడనేలేదు, పొగమంచు విడలేదు. నాకు ఆ ఊరంటే ఇప్పటికీ ఒక ముసలావిడ చెంపా, దాని మీద ఆగిన బూటూ. ఆ అదురు నాలో ఇంకా తగ్గలేదు, తగ్గాలని కోరిక కూడా లేదు.

గుమ్మం దగ్గర నేను మామూలుగా బూట్లు బయట విడిచాను. సలోమీ తనవి విప్పి, బురద తుడిచి, చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. మా ఇంట్లో గుమ్మం దాటి బూట్లు రావు. సోఫాలోంచి మా ఆయన "అవెందుకే లోపలికి?" అన్నాడు.

"ఆరాలన్నయ్యా," అని హీటరు పక్కన పెట్టింది. "సోమవారం డ్యూటీ ఉంది."