రంగూన్ ఏటి మీద దుప్పటి పర్దా

మా బాపు ఎక్కడికి బయలుదేరినా రెండు మందపాటి దుప్పట్లు వెంట ఉండాల్సిందే. కప్పుకోవడానికి కాదు, కట్టడానికి. పురానాపూల్ దగ్గర మా గల్లీలో, హిందువులైనా ముస్లింలైనా, పెద్దిండ్ల ఆడవాళ్ళు టాంగా ఎక్కితే చుట్టూ దుప్పటి కట్టేవారు. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చి పన్నెండేళ్ళు. మూసీ పక్కనే కాపురం, వంతెన మీదుగానే రాకపోకలు. అయినా ఆమె ఆ ఏటిని చూసింది లేదు. చూడనిచ్చిందెవరు?

మా చిన్నాయన రంగూన్‌లో బట్టల దుకాణం పెట్టి స్థిరపడ్డాడు. ఆయన పిలవగా పిలవగా, యుద్ధం రాకముందు ఒక చలికాలం బాపు, అమ్మ, బాపును కన్న మా బాపమ్మ, నేను మద్రాసులో ఓడెక్కాం. నాకు తొమ్మిదేళ్ళు. బయలుదేరేముందు అమ్మ నా చెవిలో ఒక్కటే చెప్పింది. "ఒక్కపారి ఏరును కండ్లనిండ చూడాలె బిడ్డా." ఓడలో ఉన్నన్నాళ్ళూ ఆమె వాంతులతో కిందిగదిలోనే పడి ఉంది. సముద్రం కూడా చూడలేదు.

తిరుగు ప్రయాణం రేపనగా చిన్నాయన మమ్మల్ని ఊరు తిప్పాడు. పొద్దున బంగారు పగోడాకు వెళ్ళాం. అమ్మ ముసుగు బాగా కిందికి లాక్కుని నడిచింది కాబట్టి ఆమెకు కనిపించింది మెట్లూ, నా పాదాలూ. మధ్యాహ్నం ఏటిలో లాంచి షికారు. ఎక్కీ ఎక్కగానే బాపు అక్కడి స్తంభాలకు రెండు దుప్పట్లూ కట్టేసి అమ్మనూ బాపమ్మనూ లోపల కూర్చోబెట్టాడు. ఇక్కడ గిట్ల ఎవరూ కట్టరన్నా అని చిన్నాయన గొణిగినా వినలేదు. బాపు చెడ్డవాడు కాదు. పర్దా లేకపోతే బాపమ్మ ఏమంటుందోనని భయం, అంతే.

నన్ను మాత్రం బయట వదిలారు. ఏం కనబడుతున్నదని అమ్మ లోపలినుంచి అడగడం, నేను ఉరికి వెళ్ళి చెప్పడం. టేకు దుంగల తెప్ప మీద గుడిసె వేసుకుని ఎవరో అన్నం వండుకుంటున్నారని చెప్పాను. ఒడ్డున ఏనుగు దుంగను నెడుతోందని చెప్పాను. ఎంత ఏనుగు, నీళ్ళలో దిగిందా, మావటి ఉన్నాడా అని మళ్ళీ ప్రశ్నలు. అన్నిటికీ జవాబు చెప్పి తిరిగొచ్చేసరికి ఏనుగు వెనకబడిపోయింది. నాది పుట్టినప్పటినుంచీ ముక్కుమీది కోపం. అమ్మ మళ్ళీ అడిగేసరికి ఒళ్ళు మండింది.

"నీళ్ళే. అన్నీ నీళ్ళే. ఇగ నన్నడగకు" అన్నాను.

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ మాటన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అంతలో ఒక బర్మా ముసలమ్మ, కొప్పులో పువ్వు, నోట్లో ఇంత లావు చుట్టతో, వేడినీళ్ళ కెటిల్ పట్టుకుని చరచరా వచ్చింది. దుప్పటి ఎత్తి లోపలికి తల పెట్టింది. అమ్మ ఒడిలోకి చూసి, చుట్టూ వెతికి, ఏదో అడిగింది. చిన్నాయన నవ్వాపుకోలేక అర్థం చెప్పాడు. లాంచిలో దుప్పట్లు కట్టారంటే లోపల కాన్పు జరుగుతోందనుకుందట. సాయం చేద్దామని వచ్చిందట. బిడ్డ ఏదని అడుగుతోందట.

బాపు ముఖం కందిపోయింది. బాపమ్మ మాత్రం నవ్వలేదు. పరాయివాళ్ళ చేతి నీళ్ళు ముట్టని ఆ మనిషి కెటిల్‌కేసి చూసింది, తలవంచుకు కూర్చున్న అమ్మకేసి చూసింది. లేచి, తన చేత్తోనే దుప్పటి ముడి విప్పడం మొదలుపెట్టింది. బాపు అడ్డం రాబోయాడు.

"ఎవరో తెల్వని ముసల్ది నా కోడలికి కష్టమైతున్నదని ఉరికొచ్చింది" అంది బాపమ్మ. "పక్కన కూసున్న నాకు తెల్వకపాయె." తర్వాత అమ్మ భుజం తట్టింది. "చూడు బిడ్డా. నీ కండ్లతోనే చూడు."

అమ్మ ముసుగు వెనక్కి తీసి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా చూసి, ఇంత వెడల్పా అని మాత్రం అంది. ఆ దుప్పట్లే కింద పరుచుకుని సద్ది విప్పాం. బర్మా ముసలమ్మకు బాపమ్మ తన వంతు సకినాలు పెట్టింది. ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు. ఇంట్లో దీపం పెట్టినప్పుడల్లా ఆ ఇద్దరు ముసలమ్మలకూ కలిపి దండం పెట్టుకుంటాను.

హైదరాబాదులో రైలు దిగి టాంగా మాట్లాడగానే బాపు మళ్ళీ దుప్పట్లు తీశాడు. నా ప్రాణం ఉసూరుమంది. మూడువైపులా కట్టి నాలుగోవైపు వస్తుంటే బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటిదిక్కు కట్టకు."

బాపు చేతిలోని దుప్పటి అంచు వెనక్కి మడిచాడు. నేను దుప్పటి ఉన్నవైపు కూర్చున్నాను. పురానాపూల్ మీదికి రాగానే, ఏం కనబడుతున్నదమ్మా అని అడిగాను. మూసీలో మోకాలిలోతు నీళ్ళు కూడా లేవు. అయినా వంతెన దాటేదాకా అమ్మ నాకు చెబుతూనే ఉంది.